చిన్న హెల్త్ సైన్సెస్ కాలేజీనా, పెద్ద యూనివర్సిటీనా: ఏది మేలు?

బైపీసీ అయ్యి, నీట్‌లో సీటు రాని పిల్లలున్న ఇళ్లలో ఏటా ఇదే చర్చ. ఒకపక్క కాకినాడలాంటి ఊరి మధ్యలో చిన్న కాలేజీ. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ తప్ప వేరే మాటే వినపడదు. ఇంకోపక్క హైవే మీద పెద్ద డీమ్డ్ యూనివర్సిటీ. ఇంజినీరింగ్, ఎంబీఏల మధ్య ఈ కోర్సులూ ఓ బ్లాకులో ఉంటాయి. చిన్నదాన్ని చూసొచ్చిన తండ్రులు "గ్రౌండు కూడా లేదండి" అని పెదవి విరుస్తారు.

గ్రౌండు తర్వాత, ముందు ఆసుపత్రి చూడండి. నర్సింగ్, ఫిజియోలకైతే అందుకే నా ఓటు చిన్నదానికి. నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. పడకలుంటే సరిపోదు, వాటి మీద రోగులుండాలి. పొద్దున్నే ఓపీ చీటీలిచ్చే చోట కాసేపు నిలబడితే సంగతి తెలిసిపోతుంది. కాకినాడకైతే కోనసీమ నుంచి కూడా యానాం మీదుగా బస్సెక్కి వస్తారు. చేలో పాము కరిచినవాళ్లు, దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడినవాళ్లు. అలా పడిన మనిషిని ముందు మంచం అంచున కూర్చోబెట్టి, ఆనక వాకరు పట్టుకుని నిలబడేలా చేయడం ఫిజియో పిల్లలు వార్డులోనే నేర్చుకోవాలి. ఏసీ ల్యాబులో ప్లాస్టిక్ బొమ్మ "అమ్మా" అనదు కదా!

పెద్ద యూనివర్సిటీకి కూడా నిండుగా నడిచే సొంత ఆసుపత్రి ఉంటే నా వాదన సగం పోయినట్టే. లేకపోతే పిల్లల్ని బస్సుల్లో ఎక్కడో వేరే ఆసుపత్రిలో పోస్టింగులకు, అంటే వార్డు శిక్షణకు, తిప్పుతారు. ఎక్కడికి, వారానికి ఎన్ని రోజులు అని ఫైనలియర్ పిల్లల్నే అడగండి. "ఎన్ని కాన్పులు దగ్గరుండి చూశావమ్మా?" అంటే ఆ అమ్మాయి తడుముకోకుండా చెప్పాలి.

"పెద్దదాంట్లో బోలెడు కోర్సులు, నచ్చకపోతే మారొచ్చు" అనేది ఎక్కువమంది భ్రమ. నర్సింగ్ నుంచి ఫిజియోకి మారాలంటే మామూలుగా మళ్లీ ఫస్టియర్ నుంచే.

డిగ్రీ గురించి టెన్షన్ అక్కర్లేదు. చిన్న కాలేజీ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి అనుబంధమైతే పట్టా అక్కడి నుంచే వస్తుంది. 1986 నుంచీ ఉన్న యూనివర్సిటీ అది. డీమ్డ్ అయితే పట్టా వాళ్లదే. ఎక్కడైనా ఆ కోర్సుకి సంబంధిత కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

బి.ఫార్మసీకి మాత్రం నా ఓటు పెద్దదానికే. అక్కడ వార్డుకన్నా ల్యాబు, పరికరాలు, కంపెనీల రాకపోకలు ముఖ్యం. పైగా చిన్న కాలేజీలో నాలుగేళ్లూ అవే మొహాలు, అవే కబుర్లు. నలుగురిలో తిరగాలనుకునే పిల్లలకి ఊపిరాడదు. మీ అమ్మాయి ఆ రకమైతే నర్సింగ్‌కైనా సరే, ఆసుపత్రి బాగున్న పెద్ద క్యాంపస్ ఏదైనా వెతకండి.