మంగు మచ్చలకు అజెలాయిక్ యాసిడ్ క్రీము: మూడేళ్ల వాడకం తరువాత

మొదటి కాన్పు సమయంలో నా రెండు చెక్కిళ్ల మీదా, పై పెదవి మీదా పరుచుకున్న మంగు, బిడ్డ పాలు మానిన తరువాత కూడా తగ్గలేదు. చర్మవైద్యురాలు మొదట హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, తేలికపాటి స్టెరాయిడ్ కలిసిన క్రీమును ఎనిమిది వారాలకు రాసిచ్చారు. మచ్చ త్వరగా పలచబడింది. ఆ సంతోషంలో, గడువు ముగిసినా ఆపకుండా మరో నాలుగు నెలలు రాసుకున్నాను. స్టెరాయిడ్ ఉన్న మందును అలా కొనసాగిస్తే చర్మం పలుచనై సన్నని ఎర్రటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. నాకు సరిగ్గా అదే జరిగింది. పైగా మందు మానిన రెండు నెలలకే మంగు మళ్లీ వచ్చింది.

అప్పుడు మొదలుపెట్టినదే 20 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీము. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును ఇది అణచిపెడుతుంది కనుక, ఉన్న రంగును చెరిపివేయడం కన్నా కొత్త రంగు పుట్టకుండా చూడడమే దీని ప్రధానమైన పని. అందుకే ఫలితం నెమ్మదిగా వస్తుంది. మొదటి మూడు వారాలు రాసిన ప్రతిసారీ పావుగంట పాటు చురుక్కుమనేది, దురద కూడా ఉండేది. రోజు విడిచి రోజు, మాయిశ్చరైజర్ మీద రాయడం మొదలుపెట్టాక అది సర్దుకుంది. నెలకొకసారి ఒకే కిటికీ పక్కన, ఒకే వేళకు ఫోటో తీసుకునేదాన్ని; మూడో నెల దాకా ఏ తేడా లేదు, ఆరో నెలకు మచ్చ అంచులు చెదిరాయి, ఆ తరువాత అక్కడే ఆగిపోయింది.

ఆ ఆగిపోవడానికి కారణం క్రీము కాదు, నేను వాడుతున్న తెల్లటి సన్‌స్క్రీన్. అది అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది కానీ, మంగును ముదిరించే దృశ్యకాంతిని, ముఖ్యంగా నీలి కాంతిని, పెద్దగా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్‌కు మారి, రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికంతటికీ పట్టించి, బయట ఉన్నప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ రాసుకున్నాక నాలుగు నెలల్లో కనిపించిన మార్పు, అంతకు ముందు ఏడాదంతా కనిపించలేదు. నా ఛాయకు నప్పే రంగు దొరకడం కష్టమైంది, మెడ దగ్గర బట్టలకు మరక అంటుతుంది. ఆ రెండు ఇబ్బందులనూ నేను ఇష్టంగానే భరిస్తున్నాను.

మూడో ఏట మళ్లీ గర్భం దాల్చాను. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ ఆ సమయంలో వద్దంటారు. అజెలాయిక్ యాసిడ్‌ను మాత్రం వైద్యురాలు కొనసాగించమన్నారు. ఆరో నెలలో మచ్చ కొంత ముదిరినా మొదటిసారి అంత నలుపు రాలేదు, నాకు ఈ మందు మీద నిజమైన నమ్మకం కుదిరింది అప్పుడే. ఇప్పుడు చెక్కిళ్లు దాదాపు ఒకే రంగులో ఉన్నాయి. పై పెదవి మీద మాత్రం, దగ్గరగా చూస్తే తెలిసేంత నీడ ఇంకా మిగిలి ఉంది.