రిజిస్ట్రేషన్‌కి ముందు ఫ్లాట్ చెకింగ్ చేయించా, నా రివ్యూ

నాకు 27, జాబ్‌లో చేరి అయిదో ఏడు, హైదరాబాద్ బాచుపల్లిలో నా పేరు మీద మొదటి ఫ్లాట్ కొంటున్నా. కొత్త ఫ్లాట్‌కి వచ్చి అంతా చెక్ చేసి రిపోర్ట్ ఇచ్చే వీళ్ళ సర్వీస్ గురించి మా టీమ్‌లో ఒక అన్న చెప్తే బుక్ చేశా, 9 వేలు తీసుకున్నారు. నాన్న ఖమ్మం నుంచి ఫోన్ చేసి "కొత్త ఇంటికి పరీక్షలేంటి తల్లీ, ఎవరైనా మేస్త్రీకి చూపిస్తే సరిపోద్దిగా" అన్నారు. నాకూ ఆ 9 వేలు భారంగానే అనిపించింది, ఎందుకంటే 68 లక్షల ఫ్లాట్‌కి బ్యాంక్ 80 శాతమే ఇస్తది, 13.6 లక్షలు మనం పెట్టుకోవాలి, దానిపైన రిజిస్ట్రేషన్ 7.5 శాతం అంటే ఇంకో 5 లక్షల పైమాటే, అది లోన్‌లో రాదు. ఓసీ (ఇక ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ తప్పింది, అదొక్కటే ఊరట.

వస్తామన్న టైమ్‌కి గంటన్నర లేటుగా ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. కానీ వచ్చాక నాలుగు గంటలు కూర్చోకుండా పని చేశారు. చివర చిన్న గుండు ఉన్న కడ్డీతో ఒక్కో టైల్‌నీ కొట్టుకుంటూ పోయారు, గట్టిగా ఉన్నది టక్ మంటది, కింద సిమెంట్ పట్టనిది డొల్లగా మోగుతది, నన్ను కూడా కొట్టి వినమన్నారు. హాల్లోనే 23 టైల్స్‌కి నీలం టేప్ పడింది. చిన్న బెడ్‌రూమ్ గోడ చూడ్డానికి తెల్లగా కొత్త పెయింట్‌తో మెరుస్తోంది, చెమ్మ కొలిచే మీటర్ పెడితే అడుగు ఎత్తు దాకా చెమ్మ చూపించింది, ఆ గోడ అవతల బాత్రూమ్. అక్కడ బకెట్ నీళ్ళు పోస్తే జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాయి. అన్నిటికన్నా నాకు భయం వేసింది గీజర్ ప్లగ్, దానికి అసలు ఎర్తింగే లేదు! అమ్మ వచ్చి ఉండబోయే ఇల్లు అది.

లోన్ కోసం ఫ్లాట్ విలువ కట్టే బ్యాంక్ వాల్యుయర్ కూడా వచ్చాడు కదా అంటారేమో, ఆయన నాలుగు ఫోటోలు తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు, ఆయన చూసేది బ్యాంక్ డబ్బుకి ఢోకా ఉందా లేదా అని, మన టైల్స్ కాదు.

లేజర్‌తో కొలతలు కూడా తీశారు. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల మనం వాడుకునే జాగాలో, లోపలి గోడలు కలుస్తాయి కానీ బయటి గోడలు, బాల్కనీ కలవవు, మా పేపర్లలో మాత్రం బాల్కనీని కూడా కలిపేశారు. 1265 ఎస్ఎఫ్‌టీ అని డబ్బులు కడుతున్న ఇంట్లో నిజంగా నేను నడిచేది ఎంతో అప్పుడు తెలిసింది.

రిపోర్ట్ మర్నాడు అని మూడో రోజు ఇచ్చారు, మొత్తం ఇంగ్లీషులోనే ఉంది, నాన్నకి ఫోన్లో నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. తెలుగులో ఒక పేజీ అయినా ఇవ్వండి ప్లీజ్. డాక్యుమెంట్లు వీళ్ళు చూడరు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), యూడీఎస్ (స్థలంలో మన వాటా), చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు) ఇవన్నీ మీరు వేరే లాయర్‌తో చూపించుకోవాల్సిందే. అందుకే ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, రిజిస్ట్రేషన్ కాకముందే చేయించండి. పొజెషన్ తర్వాత, అంటే ఇల్లు మన చేతికి వచ్చాక, 5 ఏళ్ళ దాకా లోపాలు బిల్డరే ఫ్రీగా సరిచేయాలని రెరా చట్టంలో ఉంది, నిజమే, కానీ బిల్డర్‌కి ఇవ్వాల్సిన చివరి పేమెంట్ చెక్కు మన చేతిలో ఉన్నప్పుడు పని జరిగే స్పీడే వేరు. మొదట "అన్నీ చిన్నవే మేడమ్" అన్న సైట్ ఇంజనీర్, ఫోటోలతో మెయిల్ పెట్టి ఇవి అయ్యాకే రిజిస్ట్రేషన్ అంటే వారంలో టైల్స్ పీకించాడు. ఎర్తింగ్ వైర్ లాగించారు, బాత్రూమ్ ఫ్లోర్ మళ్ళీ వేస్తున్నారు. వచ్చే శనివారం రీచెక్‌కి వీళ్ళనే పిలిచా, ఈసారి నాన్న కూడా వస్తానన్నారు, చెమ్మ తగ్గిందో లేదో చూశాక ఇక్కడే అప్‌డేట్ పెడతా.