గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ వాల్వ్ ఇరుకైపోతే టావీనా, ఓపెన్ సర్జరీనా?

ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు. తొడ రక్తనాళంలోంచి గొట్టం పంపి వాల్వ్ పెట్టే టావీ మంచిదా, ఛాతీ తెరిచి మార్చడం మంచిదా అని. ఎన్ని రోజుల్లో ఇంటికొస్తాం అనేదే ముఖ్యమైతే ఇక మాట్లాడుకోవడానికేం లేదు, టావీయే. కానీ నేను చూసేది వేరు. పెట్టిన వాల్వ్ అరిగిపోయే నాటికి మీ వయసెంత ఉంటుంది, అప్పుడు రెండో వాల్వ్ ఎలా పెడతారు?

2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే మొదటి టావీ చేసినప్పుడు అది ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ల కోసం. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ చేస్తున్నారు. అలాంటి వెయ్యి మందిలో రెండు పద్ధతుల్నీ పోల్చిన పార్ట్‌నర్ 3 ట్రయల్‌లో మరణం, స్ట్రోక్, మళ్లీ ఆస్పత్రిలో చేరడం అన్నీ కలిపితే ఏడాది తిరిగేసరికి టావీలో 8.5 శాతం, సర్జరీలో 15.1. ఐదేళ్లకి 22.8, 27.2 అయ్యాయి, అంటే మొదట్లో ఉన్నంత తేడా మిగల్లేదు. ఇలాగే పోల్చిన నోషన్ అనే మరో ట్రయల్‌లో పదేళ్ల తర్వాత మరణం, స్ట్రోక్, గుండెపోటు కలిపి రెండు వైపులా సరిగ్గా 65.5 శాతమే. వాల్వ్ బాగా పాడైపోవడం టావీలోనే తక్కువ. దీన్ని చూసి సంబరపడేవాళ్లు ఒక్కటి గమనించాలి, అందులో చేరినవాళ్ల సగటు వయసు 79. సగం మందికి పైగా పదేళ్లలోపే పోయారు. మిగిలినవాళ్ల వాల్వ్ మన్నిక చూసి 62 ఏళ్ల మనిషికి భరోసా ఇవ్వలేం.

మొదట సర్జరీతో కణజాల వాల్వ్ (జంతు కణజాలంతో చేసినది) పెట్టించుకుంటే, ఏ పది పదిహేనేళ్లకో అది పాడైనప్పుడు దాని లోపలే టావీ పెట్టొచ్చు, పెద్ద వయసులో ఛాతీ మళ్లీ తెరవక్కర్లేదు. అందుకే మొదటిసారే వీలైనంత పెద్ద సైజు వాల్వ్ పెట్టమని సర్జన్‌ని అడగాలి, చిన్నదైతే లోపల ఇంకోటి పెట్టాక రక్తం పోయే దారి మరీ ఇరుకైపోతుంది. మొదటే టావీ అయితే? దాని లోపల రెండోది పెట్టినప్పుడు పాత వాల్వ్ రెక్కలు పైకి నొక్కుకుపోయి, గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ ధమనులకు అడ్డం పడే ప్రమాదం కొందరికి ఉంటుంది. పోనీ తీసేద్దామంటే, ధమని గోడకి అతుక్కుపోయిన దాన్ని తీయడం మొదటి ఆపరేషన్ కంటే చాలా ప్రమాదం.

కాబట్టి 65 లోపు, ఆరోగ్యం బాగుంటే నా ఓటు సర్జరీకే. 75 దాటితే టావీ, పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఈ రెంటి మధ్య వయసువాళ్ల విషయంలో డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు, ఏ వయసు నుంచి టావీకి మొగ్గాలో చెప్పే యూరప్ మార్గదర్శకాలు 2021లో 75 దగ్గర గీసిన గీతని 2025లో 70కి దించాయి. పుట్టుకతో రెండు రెక్కల వాల్వ్ ఉన్నవాళ్లని మాత్రం పెద్ద ట్రయల్స్‌లో చేర్చుకోలేదు, ఆ అంకెలు వాళ్లకి నేరుగా వర్తించవు. టావీ తర్వాత పేస్‌మేకర్ అవసరం ఎక్కువ, సర్జరీ తర్వాత రక్తస్రావం, గుండె లయ తప్పడం ఎక్కువ.

ఇక కణజాలంతో కాకుండా కృత్రిమ పదార్థాలతో చేసే మెకానికల్ వాల్వ్ ఎక్కువగా యాభై లోపువాళ్లకి, దానికి జీవితాంతం రక్తం పల్చబరిచే మందు తప్పదు. కొత్త వాల్వ్ పెట్టకుండా ఉత్త బెలూన్‌తో వెడల్పు చేస్తే నెలల్లోనే మళ్లీ మూసుకుపోతుంది.