దొంగ ఇడ్లీ కాదు, రాగి జావ

ఈ షుగరు మీటరు కొని నాలుగు నెలలయింది. పెట్టె విప్పిన రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. కనీసం ఒక డబ్బా స్ట్రిప్పులైనా అయిపోకుండా దీని గురించి ఏం తెలుస్తుంది?

నాకు యాభై రెండేళ్లు. తెనాలిలో లెక్కలు చెబుతాను. ఏప్రిల్‌లో చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగరు ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు లెక్క. మందులు ఇప్పుడే వద్దు, తిండి సర్దుకుని మూడు నెలలకు రమ్మన్నారు డాక్టరుగారు. ఎలా సర్దుకోవాలో మాత్రం ఊరంతా చెప్పారు. ఒకరు అన్నం మానమన్నారు, ఇంకొకరు కొర్రలు తప్ప ముట్టుకోవద్దన్నారు. మా పెద్దాడపడుచు రెండు కిలోల రాగులు మర పట్టించి మరీ పంపారు. ఇడ్లీని మాత్రం అందరూ ఒక్క గొంతుతో తిట్టారు.

అప్పుడు కొన్నాను దీన్ని. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు మరోసారి చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. చక్కెర లేకుండా, మజ్జిగ కలిపి, పెద్ద గ్లాసు రాగి జావ తాగితే 104 కాస్తా 178 అయింది. నమ్మలేదు. వేలికి బెల్లమో పండో అంటుకుని ఉన్నా అంకె ఊరికే పెరుగుతుంది కదా అని సబ్బుతో కడుక్కుని మళ్లీ పొడుచుకున్నాను. 174. మర్నాడూ అదే వరస. మూడు ఇడ్లీలు, గిన్నెడు పల్లీ పచ్చడితో తిన్న రోజు 143 దగ్గర ఆగింది. రెండు పెసరట్లకు 126. అందులో ఉప్మా పెట్టించుకున్న రోజు 150 దాటింది, ఆ పాపం ఉప్మాదే.

మెత్తటి పిండి, పైగా బాగా ఉడికింది, నమిలే పని లేకుండా గొంతు దిగిపోతుంది. జావతో నాకు వచ్చిన చిక్కు అదేననుకుంటాను. అదే పిండితో రొట్టె కాల్చుకుని గోంగూర పప్పుతో తింటే 139 వచ్చింది. అన్నం మానలేదు. ముందు కూర, పప్పు సగం తినేసి ఆ తర్వాత అన్నం కలుపుకుంటే నాకు ఇరవై పాయింట్లు తగ్గుతోంది.

తమాషా ఏమిటంటే, అదే జావ తాగిన మా ఆయనకు 121. ఆయన్ను ఎగదోసేది ఇడ్లీ! 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 800 మందికి వారం పాటు షుగరు కొలిచి, ఒకే తిండికి ఒక్కో ఒంట్లో ఒక్కో తీరుగా పెరుగుతుందని తేల్చారు. మాకు డైనింగు బల్లకు అటూ ఇటూ కూర్చుంటేనే తెలిసింది.

ఇక మీటరు సంగతి. ఒకే వేలికి నిమిషం తేడాతో 142, 151 చూపించింది. అంకె వంద దాటితే 15 శాతం వరకు తేడాను అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది కాబట్టి దాన్ని తప్పు పట్టను. నాలుగైదు అంకెల తేడా చూసి బెంబేలు పడేవాళ్లు మాత్రం కొనకండి. పరగడుపున ల్యాబులో 98 వచ్చిన రోజు ఇది 104 చూపింది. తెరకు వెలుగు లేదు, తెల్లవారుజామున కరెంటు పోతే అంకె కనిపించదు. స్ట్రిప్పు ఒక్కోటి పద్దెనిమిది రూపాయలు పడుతోంది, అసలు కన్నా వడ్డీ ఎక్కువయ్యే బేరం. వానలు మొదలైన వారం డబ్బా మూత సరిగా పెట్టక నాలుగు స్ట్రిప్పులు చెమ్మకు పాడయ్యాయి, ఆ తప్పు నాది. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన పొడవండి, నొప్పి తక్కువ. సుద్దముక్క పట్టుకునే చేతిని నేను అసలు ముట్టుకోను.

మూడు నెలలకు మళ్లీ చేయించిన పరీక్షలో 5.8 వచ్చింది. తెర వెలుగుకు ఒకటి కోసేసి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. మిగిలిన రాగి పిండితో మా ఆయన రోజూ జావ కాచుకుంటున్నారు. నేను తాగడం లేదని ఆడపడుచుగారికి ఇంకా చెప్పలేదు.