శ్రీకాకుళంలో ఒక న్యూరో క్లినిక్: మూర్ఛ రోగి బంధువుల అనుభవం

సోంపేట మండలంలో కొబ్బరి తోట చేసుకునే మా చిన్నాన్నకు 50 ఏళ్లు దాటాక ఫిట్స్ మొదలయ్యాయి. శ్రీకాకుళం పట్టణంలోని ఒక న్యూరో క్లినిక్‌లో ఆయనకు చూపిస్తున్నాం. ఉద్దానం వైపు నుంచి ఇలాంటి వైద్యం కోసం వచ్చేవారికి పనికొస్తుందని అక్కడి సేవ గురించి రాస్తున్నాను.

ఆ క్లినిక్‌లో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది డాక్టరుగారు వివరాలు అడిగే తీరు. స్కానింగ్ ఫిల్ముల కవరు చేతికిస్తే దాన్ని బల్ల మీద పెట్టి, ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారని ముందుగా అడిగారు. చిన్నమ్మ ముందుకు రాగానే, "పడిపోవడం కంటే ముందు ఎప్పుడైనా మాట మధ్యలో ఆగిపోయి, ఎటో చూస్తూ, పెదవులు చప్పరించడం, కండువా అంచు వేళ్లతో నలపడం చేసేవారా అమ్మా?" అన్నారు. "చేసేవారండీ, నిమిషానికల్లా మామూలైపోయేవారు, ఏదో పరధ్యానం అనుకున్నాం" అంది చిన్నమ్మ. అవి కూడా ఫిట్సేనని ఆయన కాగితం మీద మెదడు బొమ్మ గీసి చెప్పారు. కణత లోపలి వైపున ఉండే టెంపోరల్ లోబ్‌లో పుట్టిన విద్యుత్ అలజడి అక్కడికే పరిమితమైతే మనిషి కాసేపు స్పృహలో లేనట్టు ఉండిపోతాడనీ, అది మెదడు రెండు వైపులకూ పాకితే కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడనీ వివరించారు. గాలి సోకిందన్న ఊరి మాటను చిన్నమ్మ ఆ రోజుతో పక్కన పెట్టింది.

పరీక్షల విషయంలోనూ అంతే శ్రద్ధ కనబరిచారు. ఎంఆర్ఐ మెదడు నిర్మాణాన్ని, అంటే పాత దెబ్బలను, గడ్డలను, బద్దెపురుగు లార్వాల వల్ల ఏర్పడే తిత్తులను చూపుతుందని, ఈఈజీ మాత్రం తీసిన ఆ కొద్దిసేపటి విద్యుత్ చర్యను మాత్రమే నమోదు చేస్తుందని చెప్పారు. కాబట్టి మా చిన్నాన్న ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని అనుకోకూడదట.

మందు రాసే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమనడం నాకు ఎంతో నచ్చింది. ఆయనకు రాసిన ఫిట్స్ మందు లెవెటిరాసెటమ్ ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక, కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ఉద్దానం మనిషికి ఆ పరీక్ష చూడకుండా మోతాదు నిర్ణయించడం తగదు. అంతకుముందు వేరొకచోట కిడ్నీల సంగతే అడగకుండా ఇచ్చిన మాత్రలతో ఆయన రోజంతా మగతగా పడి ఉండేవారు. ఇక్కడ పరీక్ష ఫలితం చూసి మోతాదు తగ్గించారు. సరైన మందులు వాడితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని, తగ్గిందనుకుని మందు హఠాత్తుగా మానేస్తే మాత్రం ఫిట్స్ తిరిగి వచ్చే ప్రమాదం ఉంటుందని గట్టిగా చెప్పారు.

నర్సమ్మ ఇంట్లోవారిని కూర్చోబెట్టి, ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదనీ, 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలనీ చేసి చూపించారు. చెట్టు ఎక్కడం, చెరువులో ఒంటరిగా స్నానం చేయడం ప్రస్తుతానికి మానమన్నారు. తోట పనే బతుకైన మనిషికి అది కష్టమైన మాటే అయినా, ఆమె ఓపికగా నచ్చజెప్పడంతో చిన్నాన్న ఒప్పుకున్నారు.

లోపాలు లేకపోలేదు. టోకెన్ ఉన్నా మధ్యాహ్నం దాటేదాకా కూర్చోవాలి, ఫిట్స్ వచ్చే మనిషిని పడుకోబెట్టడానికి బయట బల్ల కూడా లేదు. జాగ్రత్తల కాగితం ఇంగ్లీషులోనే అచ్చయింది, దాన్ని తప్పనిసరిగా తెలుగులో ఇవ్వాలి. ఈఈజీ అన్ని రోజులూ తీయరు కనుక దూరం నుంచి వచ్చేవారు ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి. రోగితోపాటు ఫిట్స్‌ను కళ్లారా చూసిన మనిషి వెళ్లాలి, ఫోన్‌లో వీడియో తీసి ఉంటే అది కూడా డాక్టరుగారికి చూపించాలి.