ప్యూర్ డేటాతో ఆరేళ్లు: సౌండ్‌తో పేచీ లేదు, ఫైల్ పాత్‌తోనే

ముందే చెప్పేస్తాను, నేను ప్రోగ్రామర్‌ని కాదు. పగలు ఆఫీసులో లెక్కలు చూసుకునే ఉద్యోగం, సాయంత్రమైతే నాటకాలు. మా సమాజం ఏడాదికి నాలుగైదు పరిషత్తు పోటీలకు వెళ్తుంది, అందులో సౌండ్ నా పని. వాన, ఉరుము, రైలు, గుడిగంట, వీధికుక్క, పక్కింటి టీవీ, అన్నీ నా ల్యాప్‌టాప్‌లోంచే రావాలి. మొదట్లో మామూలు ప్లేయర్‌లో వరసగా పెట్టుకుని లాగించేవాణ్ని. కానీ వాన పడుతుండగా డైలాగ్ మొదలైతే వాన తగ్గాలి, అయ్యాక మళ్లీ లేవాలి, ఈలోపు ఉరుము పడాలి. ఒక్క మౌస్‌తో ఇవన్నీ చేస్తుంటే నా చెయ్యి వణకడం చూసి ఒక స్నేహితుడు ప్యూర్ డేటా అనే సౌండ్ ప్రోగ్రామ్ చూపించాడు. పీడీ అంటారు అందరూ. అప్పటినుంచి అదే వాడుతున్నాను, ఆరేళ్లు దాటింది.

ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి: తెల్లటి కాన్వాస్ మీద పెట్టెలు పెట్టి వాటి మధ్య తీగలు కలుపుతాం, అదే ప్రోగ్రామ్. దాన్ని ప్యాచ్ అంటారు. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో 1980ల్లో మ్యాక్స్ అనే ఇలాంటి ప్రోగ్రామ్‌నే మొదలుపెట్టిన మిల్లర్ పకెట్ 1990ల్లో దీన్ని రాశారు. ఉచితం, సోర్స్ కూడా అందరికీ తెరిచే ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్, రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, దేనిమీదైనా నడుస్తుంది. నా పాత ల్యాప్‌టాప్‌కి బ్రౌజర్ తెరవడమే గగనం, దాంట్లో కూడా ఇది ఒక్క గుక్క మింగకుండా ఆరు ట్రాకులు కలిపి వాయిస్తుంది. సౌండ్ విషయంలో దీని మీద నాకు ఒక్క కంప్లయింట్ లేదు. నా ఏడుపంతా ఫైలు ఎక్కడుందో దానికి చెప్పడం దగ్గరే.

మొదటి దెబ్బ ఎలా తగిలిందో చెప్తాను. ఇంట్లో విండోస్‌లో ప్యాచ్ తయారు చేసుకున్నాను. ఓపెన్‌ప్యానెల్ అనే పెట్టె నొక్కితే ఫైలు ఎంచుకునే కిటికీ వస్తుంది, ఎంచుకున్నాక పూర్తి పాత్, అంటే ఫైలు ఉన్న చోటు చిరునామా, బయటికి పంపిస్తుంది. దాన్ని ప్రింట్ చేయించి, కాపీ చేసి, నొక్కితే లోపలున్నది పంపించే మెసేజ్ పెట్టెలో అతికించాను. డ్రైవ్ అక్షరం దగ్గర మొదలై ఫైలు పేరుదాకా మొత్తం. ఇలా నలభై దాకా క్యూలు, అంటే నాటికలో ఫలానా చోట వేయాల్సిన శబ్దాలు. ఇంట్లో అద్భుతంగా నడిచింది. పోటీ రోజు నా ల్యాప్‌టాప్ చార్జర్ మొరాయించడంతో ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా కుర్రాడి ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ప్యాచ్ వచ్చింది, పెట్టెలన్నీ చక్కగా కనబడ్డాయి. రెండు నాటికల మధ్య దొరికేది కాస్త టైమే, అందులో సెట్ మార్చాలి, మైకులు చూసుకోవాలి, "అన్నా, లైన్ వస్తోందా?" అని మైకు సెట్ కుర్రాడు అరుస్తున్నాడు, టెస్ట్ టోన్ వేస్తే వచ్చింది, చాలనుకున్నాను.

మూడో సీన్. స్టేషన్ బెంచీ మీద ముసలి తండ్రి, కొడుకు కోసం ఎదురుచూపు. రైలు కూత వినబడాలి, ఆయన లేవాలి. నేను నొక్కాను, రాలేదు. మళ్లీ నొక్కాను. వెనక నుంచి డైరెక్టర్ మాస్టారు గుసగుసగా "ఏమయ్యా, రైలేదయ్యా" అంటున్నారు. స్టేజీ మీదున్న పెద్దాయన ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నటుడు కాబట్టి సరిపోయింది, "ఈ రైళ్లు ఎప్పుడు టైముకొచ్చాయి గనక" అని తనే ఒక మాట కలిపి లేచి నడిచాడు. జనం నవ్వారు. ఏడవాల్సిన సీన్ అది.

ఇంతకీ జరిగిందేమిటంటే, నా మెసేజ్ పెట్టెల్లో ఉన్న పాత్‌లన్నీ నా ఇంటి కంప్యూటర్ డి డ్రైవ్‌వి. ఆ ల్యాప్‌టాప్‌కి డి డ్రైవే లేదు. పీడీ మాత్రం తన పని తను చేసింది, కన్సోల్ కిటికీలో ఎర్ర అక్షరాలతో అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదని రాసింది. ఆ కిటికీ ప్యాచ్ వెనకాల దాక్కుని ఉంది. చీకట్లో, టెన్షన్‌లో, దాన్నెవడు చూస్తాడు?

మర్నాడు తెలిసిన ఒక మంచి విషయం: ప్యాచ్ ఫైలు అంటే మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డ్రైవ్ నుంచి ఫోల్డర్ దాకా ఉన్న ముక్కను వెతికి తీసేయమంటే నలభై చోట్లా ఒక్కసారే పోయింది. మిగిలింది ఫైలు పేరు మాత్రమే. అలా పేరు మాత్రమే ఇస్తే పీడీ ముందు ఆ ప్యాచ్ సేవ్ అయి ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. సౌండ్‌లు ఆ ఫోల్డర్‌లో సబ్‌ఫోల్డర్‌గా పెట్టుకుంటే సౌండ్స్ స్లాష్ రైన్ డాట్ వేవ్ అని రాస్తే చాలు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌కి ఏ అక్షరం వచ్చినా నాకు అనవసరం. ఒక్క షరతు, ప్యాచ్ ముందు సేవ్ చేసి ఉండాలి. కొత్త ప్యాచ్ తెరిచి, సేవ్ చేయకుండా ఫైలు పేరు ఇచ్చి, ఎందుకు దొరకడం లేదని అరగంట కొట్టుకున్న రోజులున్నాయి. పేరే లేని ప్యాచ్‌కి ఫోల్డర్ ఎక్కడ్నుంచి వస్తుంది మరి.

ఇక స్లాష్‌లు. విండోస్‌లో కూడా పీడీకి ముందుకు వాలిన స్లాషే ఇవ్వాలి. విండోస్ మెనూలో పాత్ కాపీ చేసుకునే సదుపాయం ఉంది కదా అని దాన్ని తెచ్చి అతికిస్తే రెండు తప్పులు ఒకేసారి వస్తాయి: అది వెనక్కి వాలిన స్లాష్‌లతో వస్తుంది, పైగా చుట్టూ కొటేషన్ గుర్తులతో వస్తుంది. పీడీలో వెనక్కి వాలిన స్లాష్‌కి వేరే ఉద్యోగం, తన పక్కనున్న అక్షరానికి ప్రత్యేకార్థం లేకుండా చేయడం. కొటేషన్లకైతే ఏ ఉద్యోగమూ లేదు, అవి కూడా పేరులో భాగమే అనుకుంటుంది.

దీన్ని మించిన గొడవ ఖాళీ. ఫైలు పేరులో ఖాళీ ఉంటే, అంటే ట్రైన్ విజిల్ అని రెండు మాటలుంటే, మెసేజ్ పెట్టెలో అది రెండు ముక్కలవుతుంది. ఓపెన్ ట్రైన్ విజిల్ అని రాస్తే పీడీ ట్రైన్ అనే ఫైలు కోసం వెళ్తుంది, విజిల్‌ని పట్టించుకోదు. ట్రైన్ లేదని ఎర్రర్ ఇస్తుంది. నేనేమో ఫోల్డర్‌లో ట్రైన్ విజిల్ కళ్లెదురుగా కనబడుతుంటే ఇదేం అన్యాయం అనుకునేవాణ్ని. ఎర్రర్‌లో పేరు సగమే ఉందని గమనించడానికి నాకు రెండు వారాలు పట్టింది, చెప్పుకుంటే సిగ్గు. కామా ఇంకా ఘోరం, కామా దగ్గర మెసేజే తెగిపోయి రెండు మెసేజ్‌లవుతుంది. డాలర్ గుర్తు, సెమీకోలన్ కూడా పేర్లలో పెట్టకండి. కొత్త వెర్షన్లలో ఖాళీ ముందు వెనక్కి వాలిన స్లాష్ పెడితే ఒప్పుకుంటుంది కానీ నలభై క్యూల్లో అది చూసి చదవడం నావల్ల కాదు. అన్నిటికీ ఖాళీ బదులు అడ్డగీత పెట్టేశాను. ఒకవేళ ఖాళీలున్న పేర్లే వాడాల్సి వస్తే ఓపెన్‌ప్యానెల్ నుంచి వచ్చిన పాత్‌ని నేరుగా ఓపెన్ డాలర్ ఒకటి (open $1) అనే మెసేజ్‌లోకి పంపితే ముక్కలవదు, మొత్తం ఒకే సింబల్‌గా, అంటే ఒకే మాటగా వెళ్తుంది. చేత్తో టైప్ చేసినప్పుడే ఈ గొడవంతా. వరస నంబర్ల ఫైళ్లుంటే మేక్‌ఫైల్‌నేమ్ అనే పెట్టె ఉంది, నంబరు పంపితే పేరు అదే తయారు చేసి ఇస్తుంది, ఇది నాకు చాలా ఇష్టమైన పెట్టె.

రెండో ఏడు మా సమాజానికి ఎవరో లినక్స్ వేసిన ల్యాప్‌టాప్ ఇచ్చారు. అక్కడ ఇంకో కథ. మన తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం అనే గొడవే లేదు, అందుకేనేమో నాకు ఇది తలకెక్కడానికి టైం పట్టింది. విండోస్‌కి పేరు ఏ అక్షరాల్లో రాసినా ఒకటే, లినక్స్‌కి ఒక్క అక్షరం పెద్దదైనా అది వేరే ఫైలు. నా చేతి రికార్డర్ పేరు చివర వేవ్ (wav) అనే మూడు ఇంగ్లీషు అక్షరాలని పెద్దవిగా పెడుతుంది, నేను ప్యాచ్‌లో చిన్నవిగా రాసుకున్నాను. సగం క్యూలు మాట్లాడాయి, సగం మూగవయ్యాయి. దీనికి తోడు విండోస్ మామూలుగా ఆ చివరి ముక్కను దాచేస్తుంది కదా, అది కనబడటం లేదని నేను మళ్లీ టైప్ చేయడంతో డాట్ వేవ్ డాట్ వేవ్ అయిన ఫైళ్లు కూడా ఒక నాలుగు దొరికాయి. ఏ కంప్యూటర్ కొన్నా ముందు ఆ దాచే సెట్టింగ్ తీసేయండి, పీడీతో సంబంధం లేకపోయినా సరే.

పాత్ తప్పయితే కనీసం ఎర్రర్ వస్తుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఎర్రర్ రాకపోవడం. ప్రిఫరెన్సుల్లో పాత్‌ల జాబితా ఒకటుంది, ప్యాచ్ ఫోల్డర్‌లో ఫైలు లేకపోతే పీడీ ఆ జాబితాలోని ఫోల్డర్లలో కూడా వెతుకుతుంది. ఎప్పుడో పాత నాటిక ఫోల్డర్‌ని దాంట్లో కలిపి మర్చిపోయాను. కొత్త నాటికకి వాన కాపీ చేయడం మర్చిపోయాను. పీడీ పాపం కష్టపడి పాత నాటిక వానని వెతికి తెచ్చి వాయించింది, అందులో చివర్న పసిపిల్ల ఏడుపు కూడా కలిపి ఉంది. మా కథలో పసిపిల్లే లేదు. రిహార్సల్‌లో జరిగింది కాబట్టి బతికిపోయాను. ఆ జాబితా ఇప్పుడు ఖాళీ. ఎక్కడైనా అదనపు ఫోల్డర్ కావాలంటే ప్యాచ్‌లోనే డిక్లేర్ పెట్టె పెట్టి ఫోల్డర్ పేరు ఇస్తాను, అది ఆ ప్యాచ్‌తోపాటు ప్రయాణం చేస్తుంది, వేరే ప్యాచ్ జోలికి పోదు. అది పెట్టాక ప్యాచ్ సేవ్ చేసి మూసి మళ్లీ తెరవడం అలవాటు చేసుకున్నాను.

ఇంకొకటి, అబ్‌స్ట్రాక్షన్లు. ఒక క్యూకి కావాల్సిన పెట్టెలన్నీ వేరే ప్యాచ్‌గా సేవ్ చేసి, దాన్ని ఒక్క పెట్టెలా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. బాగుంది కదా అని దాన్ని ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి అన్ని నాటికలకీ వాడదామనుకున్నాను. లోపలున్న సౌండ్‌ఫైలర్‌కి, అంటే సౌండ్ ఫైలుని మెమరీలోకి చదివే పెట్టెకి, ఫైలు పేరు ఇస్తే అది నాటిక ఫోల్డర్‌లో కాదు, అబ్‌స్ట్రాక్షన్ ఉన్న ఉమ్మడి ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఆలోచిస్తే న్యాయమే, కానీ రాత్రి పదకొండింటికి న్యాయం గుర్తురాదు. పీడీకంట్రోల్ అనే పెట్టెని అడిగితే ప్యాచ్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్తుంది, పై ప్యాచ్ ఫోల్డర్‌ని కూడా అడగొచ్చు, దాంతో పాత్ కట్టుకోవచ్చు. నేను అంతదూరం వెళ్లలేదు, ప్రతి నాటిక ఫోల్డర్‌లోనూ ఆ అబ్‌స్ట్రాక్షన్ ఒక కాపీ వేసేస్తున్నాను. ప్రోగ్రామర్లు తిడతారేమో. తిట్టుకోనివ్వండి.

పాత్ సరిగ్గానే ఉండి ఫైలు తెరుచుకోకపోతే హెడర్, అంటే ఫైలు ఏ రకమో చెప్పే మొదటి ముక్క, బాగాలేదన్న ఎర్రర్ ఉందేమో చూడండి. మా నటుల్లో ఒకరు గుడిగంట వాట్సాప్‌లో పంపారు, నేను పేరు చివర వేవ్ అని మార్చి పెట్టుకున్నాను. పేరు మారిస్తే ఫైలు మారదు. మామూలు పీడీ వేవ్, ఏఐఎఫ్ఎఫ్ లాంటివి చదువుతుంది, ఎంపీత్రీ చదవదు. ముందు ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో తెరిచి వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

మధ్యలో ఆరు నెలలు సూపర్‌కొలైడర్‌కి వెళ్లొచ్చాను, అది పెట్టెలు కాకుండా కోడ్ రాసి సౌండ్ చేసే ప్రోగ్రామ్. అక్కడ పాత్ కొటేషన్లలో రాస్తాం కాబట్టి ఖాళీల బాధ లేదు. కానీ విండోస్ స్లాష్‌లతో రాస్తే, ఫోల్డర్ పేరు చిన్న టీతో మొదలైతే అక్కడ ట్యాబ్, చిన్న ఎన్‌తో మొదలైతే కొత్త లైను వచ్చి కూర్చుంటాయి. నడుస్తున్న ఫైలు ఫోల్డర్ కనుక్కునే దారి ఉంది, ఫైలు సేవ్ చేయకపోతే మాత్రం నిల్, అంటే ఏమీ లేదని చెప్పి చేతులు దులుపుకుంటుంది. అంటే గొడవలు అక్కడా ఉన్నాయి, వేషాలు వేరు. కోడ్ రాయడం వచ్చినవాళ్లకి అదే నచ్చుతుందేమో, నాకు పెట్టెలే హాయి.

ఇప్పుడు నా పద్ధతి చెప్తాను. నాటికకి ఒక ఫోల్డర్, అందులో ప్యాచ్, సౌండ్స్ అనే సబ్‌ఫోల్డర్, అన్ని పేర్లూ చిన్నక్షరాల్లో, ఖాళీల్లేకుండా. చిన్న శబ్దాలన్నీ ప్యాచ్ తెరవగానే సౌండ్‌ఫైలర్‌తో మెమరీలోకి ఎక్కించేస్తాను, వాన లాంటి పొడుగువి డిస్క్ నుంచే వాయిస్తాను. సౌండ్‌ఫైలర్ ఒక ఫైలు చదివాక ఎన్ని శాంపిళ్లు (శబ్దాన్ని సెకనుకి వేలసార్లు కొలిచి రాసిన అంకెలు) చదివిందో అంకె బయటికి ఇస్తుంది, దొరక్కపోతే సున్నా. ఆ అంకెని పట్టుకుని ఇలా ఎక్కించిన ప్రతి క్యూ పక్కన ఒక చిన్న గడి పెట్టాను, సున్నా అయితే ఎర్రగా అవుతుంది, లేకపోతే పచ్చ. తెర లేవకముందు అన్నీ పచ్చగా ఉన్నాయా లేదా అని ఒక్క చూపు. కన్సోల్ జోలికి వెళ్లక్కర్లేదు. ఈ ఆరేళ్లలో నేను చేసుకున్న పనుల్లో అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే, దీన్ని పీడీయే మొదట్నుంచీ ఇవ్వాల్సింది అని నా గట్టి అభిప్రాయం. ఎర్రర్ మెసేజ్ వస్తే ఫైండ్ మెనూలో చూడమంటుంది, అది ఏ పెట్టెదో చూపిస్తుంది కూడా, కాకపోతే నాటకం నడుస్తుంటే మెనూలు తిరగేసే తీరిక ఎవరికుంది.

పోయిన నెల పోటీలో మళ్లీ వేరేవాళ్ల ల్యాప్‌టాప్. గళ్లన్నీ పచ్చ. ధైర్యంగా కూర్చున్నాను. రెండో సీన్‌లో ఊరకుక్క భయంకరంగా అరవాలి, కుక్కపిల్లలా కీచుమని అరిచింది. నా ఫైళ్లు సెకనుకి 44,100 శాంపిళ్లవి, ఆ మిషను 48,000లో నడుస్తోంది, పీడీ రేటు మార్చదు, ఉన్నది ఉన్నట్టే వేగంగా వాయించేస్తుంది. మాస్టారు నా వైపు చూశారు. "పాత్ కరెక్టే మాస్టారూ" అన్నాను.