శ్రీకాకుళం నుంచి విశాఖకు స్కూటరు: ఒక మినీ ట్రక్కు సేవపై నా అభిప్రాయం

ఉద్యోగం మారి నా యాక్టివాను విశాఖపట్నం చేర్చవలసి వచ్చినప్పుడు, రైలు పార్సిలుకైతే శ్రీకాకుళం రోడ్ స్టేషనున్న ఆమదాలవలస దాకా బండిని తీసుకువెళ్లి, పెట్రోలు తీయించి, గోనెతో చుట్టించవలసి ఉంటుంది కనుక, ఊళ్లోనే దొరికే ఒక టాటా ఏస్ సేవను ఎంచుకున్నాను.

బండిని ఎక్కించిన తీరు మెచ్చదగినది. 100 కిలోలకు పైబడిన స్కూటరును నలుగురు కలిసి ఎత్తే మోటు పద్ధతికి బదులు, డ్రైవరు పొడవైన చెక్క బల్లను ఆనించి వాలు తగ్గించాడు. ఇంజను ఆపి, ఒకరు హ్యాండిల్ పట్టుకుని బ్రేకు మీద వేళ్లుంచగా, మరొకరు వెనుక నుంచి నెట్టారు. ఇంజను నడుపుతూ ఎక్కిస్తే, గేర్లు లేని బండి ఒక్కసారిగా ముందుకు దూకి క్యాబిన్‌కు గుద్దుకోవచ్చు.

లోపమంతా కట్టడంలోనే ఉంది. సెంటర్ స్టాండు వేసి, సీటు మీదుగా ఒకే తాడు బిగించారు. గతుకుల్లో ముందు సస్పెన్షన్ కుంగి లేచేటప్పుడు తాడు వదులవుతుంది కాబట్టి, హ్యాండిల్‌కు రెండు పక్కలా పట్టీలు వేసి, సస్పెన్షన్‌ను కొంత అణచి కట్టమని కోరాను. ‘ఏటీ అవదు బాబూ’ అన్నారు. రణస్థలం దాటాక ఆగి చూస్తే బండి ఒరిగిపోయి, ఎడమ అద్దం విరిగి ఉంది. మళ్లీ కట్టారు గానీ, అద్దం ఖర్చు మాత్రం నా మీదే వేశారు.

కిరాయి ముందు చెప్పినంతే తీసుకున్నారు. మరోసారి వీరినే పిలుస్తాను. అయితే పట్టీలు నేనే కొని తెచ్చుకుంటాను, అద్దాలు ముందే విప్పి సంచిలో పెట్టుకుంటాను.